మానేసిన కారణం

రిహానాకి ఉద్యోగం వచ్చిందన్న సంగతి ఆమెకంటే ముందు వాసింకి తెలిసింది. వాసిం ఆమె పెదనాన్న కొడుకు. ప్రత్తిపాడు సెంటర్లో నెట్ షాపు వాడిదే కాబట్టి ఊళ్లో ఎవరి ఫలితాలైనా ముందు వాడి కళ్లబడాల్సిందే. ఆ రోజు షాపు షట్టరు సగం దించేసి, బండెక్కి, వీధి మొదట్లోంచే కేకలు పెట్టుకుంటూ వచ్చాడు.

"పిన్నీ! మన రిహానా కొట్టింది! సెంట్రల్ గవర్నమెంటు!"

బియ్యం చెరుగుతున్న గుల్జార్ బేగం చేట చేత్తో పట్టుకునే వాకిట్లోకొచ్చింది. ఏ ఉద్యోగమో, ఎక్కడో ఆమెకి సరిగ్గా అర్థం కాలేదు. హైదరాబాదులో రక్షణ శాఖ వాళ్ల పరిశోధనాశాల అనీ, అక్కడ సామాను భద్రపరిచే స్టోర్సులో అసిస్టెంటు అనీ వాసిం విడమరిచి చెప్పాక, "మిలిటరీయా?" అని భయపడింది. కాదని కూతురు నవ్వాక గానీ కుదుటపడలేదు.

సాయంత్రం అబ్దుల్ ఖాదర్ గుంటూరు యార్డులో మిర్చి బస్తాలు దించేసి తన ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చాడు. సంగతి విని గుమ్మంలోనే నిలబడిపోయాడు. కళ్లు ఎర్రగా, నీళ్లు కారుతూ ఉన్నాయి. "ఏంటి నాన్నా, ఏడుస్తున్నావా?" అంది రిహానా. "మిరపకాయ ఘాటు," అన్నాడు. సీజన్లో ఆయన కళ్లెప్పుడూ అలాగే ఉంటాయి కాబట్టి అది నిజమో కాదో ఎవరూ తేల్చుకోలేకపోయారు.

తర్వాత రెండు వారాలకి అటెస్టేషన్ ఫారం వచ్చింది. ఉద్యోగం వచ్చినట్టే గానీ చేతికి అందినట్టు కాదు. పోలీసు విచారణ పూర్తయ్యాక, ఈ మనిషిని లోపలికి రానివ్వొచ్చు అని పైవాళ్లు అనుకుంటేనే చేరమంటారు. ఎక్కడ పుట్టావు, ఎక్కడెక్కడ ఉన్నావు, ఎవరెవరు నీ బంధువులు, కేసులేమైనా ఉన్నాయా, అన్నీ రాయాలి. ఇంతకుముందు చేసిన ఉద్యోగాలూ రాయాలి. వాటి ఎదురుగా ఒక గడి ఉంది: మానేసిన కారణం.

ఇప్పుడు చేస్తున్న మిర్చి కమీషన్ కొట్టు కాక, అంతకుముందు రిహానా రెండు చోట్ల పనిచేసింది. మొదటిది గుంటూరులో ఒక బీమా ఆఫీసు. ఆ బ్రాంచి మూసేస్తూ అందరినీ ఒకేసారి ఇంటికి పంపేశారు. అది రాయడానికి ఇబ్బందేమీ లేదు. చెయ్యి ఆగిపోయింది రెండోదాని దగ్గర.

రెండోది మార్టూరులో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. యజమాని వీరాంజనేయులు. బల్లికురవ కొండల నుంచి లారీల్లో వచ్చే రాతి బ్లాకుల్ని అక్కడ పలకలుగా కోసి, అద్దంలా మెరిసేదాకా పాలిష్ పట్టి పంపిస్తారు. రిహానా ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ లోడు ఎటు వెళ్లిందీ చూసుకునేది. పని బాగానే సాగుతుండగా ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులో తాడు జారి, నేల మీద రాతి బురద కడుగుతున్న పిచ్చమ్మ పాదం మీద పలక పడింది.

108కి ఫోన్ చేస్తే, బండి హైవే మీద ఇంకో యాక్సిడెంటుకి వెళ్లింది, కాస్త ఆలస్యమవుతుందన్నారు. లారీల మీద సగం లోడు ఉంది. వీరాంజనేయులు ఆరోజు కూతురి నిశ్చితార్థమని అద్దంకిలో ఉన్నాడు. సాయంత్రం చుట్టాల్ని తీసుకెళ్లడానికని ఆయన కొత్త కారు కడిగి, తుడిచి యూనిట్ ముందు పెట్టారు. డ్రైవరు భోజనానికి వెళ్లాడు. రిహానా యజమానికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. అటు షెడ్డులో పిచ్చమ్మ అరుపులు తగ్గిపోతున్నాయి. అరుస్తున్నంతసేపూ లేని భయం అప్పుడు పట్టుకుంది రిహానాకి. మేకుకి వేలాడుతున్న కారు తాళాలు తీసుకుంది. తండ్రి ట్రాలీ మీద నేర్చుకున్న డ్రైవింగే. ఇద్దరు ఆడవాళ్లు పిచ్చమ్మని వెనక సీట్లో పట్టుకుని కూర్చుంటే చిలకలూరిపేట ఆసుపత్రి దాకా తోలింది. దారిలోనే సూపర్‌వైజరుకి ఫోన్ చేయించి, కారు తనే తీసుకెళ్తున్నానని చెప్పించింది. పిచ్చమ్మకి రెండు వేళ్లు పోయాయి గానీ పాదం నిలిచింది.

మర్నాడు వీరాంజనేయులు వచ్చాడు. సీట్లనిండా గడ్డకట్టిన రక్తం. మాటా మాటా పెరిగింది. రేపట్నుంచి రావద్దన్నాడు. కాగితమేమీ ఇవ్వలేదు. ఈ అయిదేళ్లలో రిహానా ఆ కథ చాలామందికి చెప్పింది. విన్నవాళ్లందరూ వీరాంజనేయుల్ని తిట్టి, ఆమెని మెచ్చుకున్నారు.

"అది రాయకు," అన్నాడు వాసిం, ఫారం చూసి. "ఆ రెండేళ్లూ ఇంట్లోనే ఉన్నానని రాయి. పరీక్షలకి చదువుకుంటున్నానని."

"పీఎఫ్ కట్ అయిందన్నా అక్కడ. నా ఆధార్ కొడితే ఆయన కంపెనీ పేరొస్తుంది."

"అయితే నీ అంతట నువ్వే మానేశానని రాయి. ఆరోగ్యం బాలేదని. తీసేశారని ఎవరైనా చేతులారా రాసుకుంటారా? అందులోనూ అడక్కుండా కారు తీసుకెళ్లానని! వాళ్లిచ్చేది స్టోర్సు తాళాలు. మన పేర్లు చూసి ఇంకాస్త లోతుగా తవ్వుతారు, తెలుసు కదా."

గుల్జార్ బేగం కూడా వాసిం మాటే మంచిదంది. పెళ్లి సంబంధాలు చూస్తున్నారని మానేశానంటే పోలేదా, ఆడపిల్ల విషయంలో అది ఎవరైనా నమ్ముతారు అంది. అబ్దుల్ ఖాదర్ మంచం మీద కూర్చుని వింటున్నాడు. చివరికి, "అబద్ధం రాస్తే రిటైరయ్యేదాకా దాన్ని గుర్తుపెట్టుకుని బతకాలి. దానికి ఓపికుంటే రాయి," అని కండువా భుజాన వేసుకుని బయటికెళ్లిపోయాడు.

రిహానా రాసింది. గాయపడిన కార్మికురాలిని యజమాని అనుమతి లేకుండా ఆయన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లినందుకు ఉద్యోగంలోంచి తీసేశారు అని, ఉన్నదున్నట్టు రాసి, సంతకం పెట్టి పంపించింది.

ఆ తర్వాత ఎదురుచూపులే మిగిలాయి. తనతోపాటు గుంటూరు కోచింగ్ సెంటర్లో చదివి, అదే ఉద్యోగానికి ఎంపికైన తాడేపల్లి అమ్మాయి శాంతికి ఆర్డరు వచ్చేసింది. ఆమె చేరింది కూడా. మెడలో ఐడీ కార్డుతో ఫోటో పెట్టింది. రిహానా లైకు కొట్టి, ఫోను పక్కన పెట్టి, మిర్చి కమీషన్ కొట్లో తను చేస్తున్న కంప్యూటర్ పనిలో పడింది. కోతలైపోయి, చేలల్లో మిరప కట్టె పీకి, మళ్లీ దుక్కులు మొదలయ్యే రోజులొచ్చాయి. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తడం మానేశారు.

అప్పుడొచ్చాడు స్పెషల్ బ్రాంచ్ హెడ్ కానిస్టేబుల్ మార్క్. యూనిఫాం లేదు. మామూలు చొక్కా, భుజానికి బ్యాగు. ముందు పక్కింటివాళ్లని అడిగి, మసీదు దగ్గర అడిగి, ఆ తర్వాతే ఇంటికొచ్చాడు. గుల్జార్ బేగం ఇచ్చిన టీ తాగి, రిహానాని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"ఊళ్లో మంచిగానే చెప్తున్నారమ్మా. ఒక్కటే. మార్టూరులో ఫోన్ చేసి వాకబు చేస్తే ఎవరో, 'కారెత్తుకెళ్లిన అమ్మాయా?' అన్నారు. దొంగతనం మాట వచ్చాక నేను వదిలెయ్యడానికి లేదు. వచ్చే వారం వెళ్లి ఆ యజమాని దగ్గర స్టేట్‌మెంటు తీసుకోవాలి. ఆయన ఏం చెప్తే అది పైకి పంపుతాను. నా చేతిలో అంతకుమించి ఏమీ లేదు."

ఆయన వెళ్లాక ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. వాసిం అయితే మార్టూరులో తెలిసిన పెద్దమనుషులెవరైనా ఉన్నారేమో, వీరాంజనేయులుకి చెప్పిద్దామని ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. "ఎవరూ వద్దన్నా. నేనే వెళ్తా," అంది రిహానా. "ఆయన నన్ను దొంగ అన్నాడో లేదో నా మొహం మీదే చెప్పమంటా."

చిలకలూరిపేటలో బస్సు మారి మార్టూరులో దిగేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. హైవే పక్కన వరసగా రాతి యూనిట్లు, తెల్లటి బురద గుట్టలు, రాయి కోస్తున్న రంపాల చప్పుడు. ఆ చప్పుడు వినగానే తెలియకుండానే అడుగుల వేగం పెరిగిందామెకి. వీరాంజనేయులు ఆఫీసు గదిలోనే ఉన్నాడు. కాస్త ఒళ్లు తగ్గి, జుట్టు నెరిసింది. ఆమెని చూసి గుర్తుపట్టడానికి ఆలోచించలేదు.

"రా అమ్మాయ్. కూర్చో. పోలీసాయన ఫోన్ చేశాడులే. గవర్నమెంటు ఉద్యోగమటగా?"

రిహానా కూర్చోలేదు. "నేను కారు దొంగతనం చేశానని చెప్పారటండి."

"నేనా?" ఆయన మొహం ముడిచాడు. "నేనెప్పుడూ అనలేదు. ఇక్కడ నోళ్లు తక్కువా? దొంగతనమైతే నేను కేసు పెట్టేవాణ్ణి కాదూ? కారు ఎక్కడుందో నాకు తెలుసు, ఎందుకెళ్లిందో తెలుసు."

"మరి అందుకే కదండీ నన్ను తీసేసింది."

వీరాంజనేయులు ఆమె వంక కాసేపు చూశాడు. నిజంగానే అలా అనుకుంటోందా, లేక తన నోటితో చెప్పించాలని అడుగుతోందా అని తూచుతున్నట్టుగా చూశాడు.

"కారు కోసం తీసేశాననుకున్నావా ఇన్నాళ్లూ? ఆ సీట్లు వారంలో మార్పించేశా. పిచ్చమ్మ ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారో ఎప్పుడైనా అడిగావా? ఆ మర్నాడు నేను రాగానే ముందు అడిగింది, ఆమెకెలా ఉందిరా అనే. నువ్వు అక్కడ లేవు. తర్వాత కారు చూసి, కొత్త సీటు ఇలా చేశారేంటని అన్నా, నిజమే, అన్నా. అప్పుడు వచ్చావు నువ్వు. షెడ్డులో అందరూ మిషన్లు ఆపి చూస్తుంటే, నా మొహం మీద వేలు చూపించి ఏమన్నావో గుర్తుందా?"

రిహానాకి వెంటనే గుర్తు రాలేదు. తర్వాత వచ్చింది.

"మనిషి పుట్టకే పుట్టావా అన్నావు. నా కూతురికి ముందురోజే నిశ్చితార్థమైందని కూడా చూడకుండా, నీ ఇంట్లో ఎవరైనా ఇలా పడుంటే తెలిసేది అన్నావు. నా కింద పనిచేసేవాళ్లందరి ముందు. వాళ్లలో సగంమంది మా నాన్న నాటినుంచీ ఉన్నవాళ్లు. అందుకు తీసేశా. కారుకి కాదు."

బయట రంపం ఆగి, మళ్లీ మొదలైంది. రిహానా అప్పుడు కూర్చుంది. అవును, అంది. అయిదేళ్లుగా ఆ కథ చెప్పినప్పుడల్లా కారు తాళాలు తీసుకోవడం దగ్గర మొదలుపెట్టి, రావద్దన్నాడు దగ్గర ఆపేసేది. మధ్యలో ఈ మాటలున్నాయి. దాచాలని దాచలేదు. చెప్పగా చెప్పగా అవి జారిపోయాయి.

"ఆ మాట అనకుండా ఉండాల్సిందండి," అంది చివరికి. "కారు తీసుకెళ్లినందుకు మాత్రం నాకు బాధ లేదు."

"దానికి నేనూ బాధపడమనలేదు," అన్నాడు వీరాంజనేయులు. టీ తెప్పించాడు. తాగుతూ, "పోలీసాయన వస్తే కారు సంగతి చెప్తా. అడక్కుండా తీసుకెళ్లింది, ఆసుపత్రికి తీసుకెళ్లింది, తీసేశాను. అంతే. మిగతాది నీకూ నాకూ మధ్యది. దాన్ని కాగితం మీద పెట్టి నీ నోటి దగ్గర కూడు లాగను," అన్నాడు.

ఆమె దండం పెట్టి లేచింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, "పిచ్చమ్మ ఇంకా ఇక్కడే చేస్తోంది. ఇవాళ రాలేదు, మనవరాలికి జ్వరమట," అన్నాడు.

తిరుగు బస్సులో రిహానాకి కిటికీ పక్క సీటు దొరికింది. పనైపోయిందని వాసింకి మెసేజ్ పెట్టొచ్చు. ఆయన చెప్పేదీ, తను రాసిందీ అచ్చు ఒకటే. ఎవరూ తేడా పట్టుకోలేరు. అయినా మనసులో ఏదో తొలుస్తూనే ఉంది. గడిలో అడిగింది మానేసిన కారణం. తను రాసింది అది కాదు. రాసిన రోజున తెలియదు, అది వేరు. ఇప్పుడు తెలుసు.

ఇంటికొచ్చి సంగతంతా చెప్పాక, ఇంకో కాగితం రాసి పంపుతానంది. వాసిం నెత్తి కొట్టుకున్నాడు. "ఒసేయ్, ఆయనే చెప్పనంటుంటే నీకేం పొయ్యేకాలమే! యజమాని మీద నోరు పారేసుకున్నానని గవర్నమెంటుకి రాస్తావా? పిన్నీ, నువ్వైనా చెప్పు!"

గుల్జార్ బేగం కూతురి మొహం చూసి చేట ముందుకు లాక్కుంది. అబ్దుల్ ఖాదర్ మాత్రం, "మనిషి పుట్టక అన్నావా?" అని అడిగాడు మెల్లగా. ఆమె తలూపింది. "ఈ మాట నాకు చెప్పలేదే," అన్నాడు. ఆ ఒక్క మాటకి రిహానా తల దించుకుంది. ఉద్యోగం పోయిన రోజున కూడా ఆమె తండ్రి ముందు తల దించలేదు.

మర్నాడు మార్క్‌కి ఫోన్ చేసి, ఆయన ఉన్నచోటికే వెళ్లి కాగితం ఇచ్చింది. ఆయన చదివి, కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది అవసరమా అమ్మా?" అన్నాడు.

"నాకు తెలియనప్పుడు రాసింది వేరండి. ఇప్పుడు తెలిసింది."

ఆయన దాన్ని మడిచి ఫైల్లో పెట్టుకున్నాడు.

ఇంకో రెండు నెలలకి హైదరాబాదు రమ్మని కబురొచ్చింది, వివరణ ఇచ్చుకోవడానికి. తండ్రి కూడా వెళ్లాడు. ఆయన్ని గేటు బయటే చెట్టు కింద కూర్చోమన్నారు. లోపల గదిలో ఒక మేడమ్, ఆమె పక్కన కాస్త పెద్దాయన. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు.

"ఫారంలో ఒకటి రాశారు, తర్వాత ఇంకోటి చేర్చారు," అంది మేడమ్. "మీ పాత యజమాని స్టేట్‌మెంటులో ఈ గొడవ లేదు. ఆయన చెప్పనిది మీరెందుకు చెప్పారు?"

రిహానా దారిపొడుగునా ఏమేమో అనుకుంది. అవన్నీ పక్కన పెట్టేసింది. "మీరు అడిగింది ఎందుకు తీసేశారని. దానికి సరైన జవాబు నాకు ఆయన దగ్గరికెళ్లాకే తెలిసిందండి. తెలిశాక పాతది అలాగే వదిలేస్తే, అది నేను కావాలని రాసినట్టవుతుంది కదండీ."

"ఇక్కడా మీ పైన అధికారులుంటారు. కోపం వస్తే?"

"రాదని చెప్పలేనండి. అందరి ముందూ అరవను. తలుపేసి చెప్తాను."

మేడమ్ పెదాలు కాస్త కదిలాయి. ఆమె ఇంకేదో అడగబోతుంటే పక్కనున్న పెద్దాయన ముందుకు వంగాడు.

"నాదొక ప్రశ్న. స్టోర్సు తాళాలు మీ దగ్గర ఉంటాయి. ఆర్డరు లేకుండా తియ్యకూడదు. ఆరోజు కారు తాళాలు తీసినట్టు, ఎవరో ఆపదలో ఉన్నారని ఇవీ తీసేస్తారా?"

తియ్యనండి అంటే అయిపోతుంది. వాళ్లకి కావలసింది ఆ మాటే కావచ్చు. కానీ అది నిజమో కాదో ఆమెకే తెలియదు.

"మనిషి ప్రాణం పోతుంటే, ఆ తలుపు తీస్తే నిలుస్తుందంటే తీస్తానేమోనండి. తీస్తూనే మీకు ఫోన్ చేసి చెప్తాను. ఆరోజు కూడా కారు దార్లో ఉండగానే చెప్పించాను. తీసి, తియ్యలేదని మాత్రం ఎప్పటికీ అనను. మీరు వేసే శిక్షకి కట్టుబడతాను."

పెద్దాయన వెనక్కి వాలాడు.

"ఉద్యోగంలోంచి తీసెయ్యడం మా లెక్కలో పెద్ద నేరం కాదమ్మా. చాలామందికి అయి ఉంటుంది. ఎందుకు తీసేశారన్నది చూస్తాం. మేం భయపడేది దాచేవాళ్లకి. దాచినదాన్ని రేపు బయటివాడెవడో పట్టుకుంటే, దాన్ని చూపించి వాళ్ల చేత ఏదైనా చేయించొచ్చు. మీ దగ్గర అలా పట్టుకోవడానికి ఏమైనా మిగిలిందా ఇంకా?"

"లేదండి," అంది రిహానా. అని, ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ "లేదండి," అంది.

వెళ్లమన్నారు. అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. బయటికొస్తే తండ్రి చెట్టు కింద సెక్యూరిటీ గార్డుతో మిర్చి రేట్ల గురించి మాట్లాడుతున్నాడు. ఆ గార్డుది వినుకొండ అట. కూతురి మొహం చూసి, "ఆకలేస్తోందా?" అన్నాడు. ఇద్దరూ రోడ్డవతల హోటల్లో భోంచేసి, సాయంత్రం రైలెక్కారు. నల్గొండ దాటాక రిహానా లోపల జరిగిందంతా చెప్పింది. తాళాల ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఆయన కాస్త కంగారుపడ్డాడు. "తీస్తానన్నావా!" అన్నాడు. "సర్లే, తీస్తావు గనక," అని కిటికీ వైపు తిరిగాడు.

ఆర్డరు రావడానికి పత్తి తీతలు మొదలయ్యే రోజులయ్యాయి. రిహానా కమీషన్ కొట్లో ఉండగా ఫోనుకి మెయిల్ వచ్చింది. పూర్తిగా చదివి, ఇంకోసారి చదివి, ముందు తల్లికి ఫోన్ చేసింది. గుల్జార్ బేగం ఫోను పక్కింటావిడ చేతికిచ్చేసింది. వాసిం ఆరోజు కూడా అరుచుకుంటూనే వచ్చాడు గానీ, "నేను చెప్పినట్టు చేసుంటే శాంతితోపాటే చేరేదానివి," అనకుండా ఉండలేకపోయాడు.

అందులో నిజం లేకపోలేదు. శాంతి ముందుగా చేరింది కాబట్టి సీనియారిటీలో ఆమె పైన, రిహానా కింద. ప్రమోషన్లు వచ్చినా ఆ వరసే ఉంటుంది. చేరిన మొదటి రోజు స్టోర్సులో పని చూపించడానికి వచ్చింది కూడా శాంతే. "నీదేంటే ఇంత ఆలస్యమైంది? ఏమైనా కేసా?" అంది నవ్వుతూ, క్యాంటీన్లో టీ గ్లాసు అందిస్తూ.

రిహానా చెప్పింది. కారు సంగతీ, పిచ్చమ్మ పాదం సంగతీ, మర్నాడు షెడ్డులో పదిమంది ముందు తను అన్న మాటా. ఏదీ వదలకుండా చెప్పింది. శాంతి చివరిదాకా విని, "పాపం, ఆయనకీ ఒళ్లు మండుంటుంది," అంది.

"మండే ఉంటుంది," అంది రిహానా.

అప్పుడే పైనుంచి సూపరింటెండెంటు పిలుస్తున్నారని ఎవరో వచ్చి చెబితే, ఇద్దరూ గ్లాసులు అక్కడ పెట్టేసి లేచారు.